930 గ్రాముల గూడు

మూడేళ్ళ కిందట ఒక వేసవి మధ్యాహ్నం అటక మీంచి మా పాత టెంట్ దించాను. సంచి మూతి విప్పగానే పసిపిల్లలు పాలు కక్కినట్టుండే పుల్లని వాసన కొట్టింది. గుడ్డ మడతలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీస్తే చర్రుమంటూ జిగురుజిగురుగా ఊడి వచ్చాయి. నీరు దిగకుండా టెంట్ గుడ్డకి లోపలివైపు పాలీయూరిథేన్ పూత వేస్తారు. ఆ పూతకి తేమ పడదు. ఏళ్ళ తరబడి తేమలో ఉంటే దాని అణువుల గొలుసులు ఒక్కొక్కటిగా తెగిపోతాయి. కెమిస్ట్రీ క్లాసులో జలవిశ్లేషణ అని చెప్పే పాఠం అదే. విశాఖ గాలి సంగతి ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు, వానాకాలంలో డబ్బాలో ఉప్పే నీరు కారుతుంది. అలాంటి ఊళ్ళో, అరకు నుంచి తిరిగొచ్చిన రోజున తడి ఆరకుండానే చుట్టి అటకెక్కించాను. రెండు వానాకాలాలు దాని మొహం చూడలేదు. తప్పు నాది, టెంట్‌ది కాదు.

అది ఇద్దరు పట్టే టెంట్. 2 కిలోల 600 గ్రాములు. నేనూ నా స్నేహితురాలూ నడిచినన్నాళ్ళూ ఆ బరువు తెలియలేదు, కర్రలు తన బ్యాగులో, గుడ్డ నా బ్యాగులో వెళ్ళేవి. తను కూతురి దగ్గరికి మెల్‌బోర్న్ వెళ్ళిపోయాక నడక నా ఒక్కదానిదే అయింది. అదే ఏడాది నడుం నొప్పి మొదలైంది. ఎముకల డాక్టరుగారు ఎమ్మారై చూసి, "నడవండి, బాగా నడవండి. కానీ వీపు మీద 10 కిలోలు దాటనివ్వకండి" అన్నారు. నాకు 47 ఏళ్ళు, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. 10 కిలోలంటే 10 కిలోలే. కాబట్టి కొత్త టెంట్ వెతుకులాట నాకు మోజు వ్యవహారం కాదు. కొండలెక్కడం మానేయడమా, మానకుండా ఉండడమా అన్న లెక్క.

ముందు ఉన్న సామానంతా ఒక గోనెసంచిలో వేసుకుని మా వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్ళాను. మధ్యాహ్నం బేరాలుండవు కాబట్టి షావుకారుగారు ఎలక్ట్రానిక్ కాటా నాకు వదిలేశారు. ఒక్కొక్క వస్తువూ పెట్టి నోటుబుక్కులో రాసుకున్నాను. ఈ పని చెయ్యనివాళ్ళు ఎవరైనా ఉంటే ముందు ఇది చెయ్యండి. బ్యాగూ, టెంట్, పడుకునే సరంజామా, ఈ మూడే సగానికి పైగా బరువు లాగుతాయి. టూత్‌బ్రష్ పిడి కోసుకుంటే మిగిలేది 5 గ్రాములు. టెంట్ మారిస్తే మిగిలేది కిలోన్నర.

ఇక ఎంచుకోవడం. రెండు నెలలు చదివాను, అడిగాను, ముగ్గురి టెంట్లలో దూరి పడుకుని చూశాను. మొదట తెలిసింది: పెట్టె మీద రాసే బరువు కాటా మీద పడే బరువు కాదు. కంపెనీలు "కనీస బరువు" అని ఒకటి రాస్తాయి, అందులో మేకులుండవు, సంచి ఉండదు, ఒక్కోసారి తాళ్ళూ ఉండవు. మేకుల్లేకుండా టెంట్ ఎలా నిలబడుతుంది? అందుకని ఎవరు ఏ అంకె చెప్పినా "మేకులతోనా, లేకుండానా?" అని అడగడం అలవాటు చేసుకున్నాను.

రెండోది, ఏది నిలబెడుతుంది అన్నది. గోపురం ఆకారం టెంట్లకి వంగే అల్యూమినియం కర్రలు విడిగా వస్తాయి. రాతి నేల మీదైనా, మేడ మీదైనా మేకు దిగకుండానే నిలబడతాయి. కానీ ఆ కర్రలు విడి బరువు. ఇంకో రకం, మనం నడవడానికి పట్టుకునే ట్రెకింగ్ కర్రలనే స్తంభాలుగా వాడుకునేవి. మోకాళ్ళ కోసం నేను ఎలాగూ రెండు కర్రలు పట్టుకునే నడుస్తాను. పగలు నన్ను మోసే కర్రలు రాత్రి నా కప్పుని మోస్తాయి. ఇది నాకు నచ్చింది. మీరు కర్రలు లేకుండా నడిచేవాళ్ళయితే మాత్రం ఈ లాభం మీకు లేదు. టెంట్ కోసం కొత్తగా కర్రలు కొనుక్కుంటే దాచిన బరువు మళ్ళీ చేతికొస్తుంది.

గుడ్డ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ధర అంతా అక్కడే ఉంది. తేలిక టెంట్ల గుడ్డ మీద 15డి, 20డి అని ఉంటుంది. అది డెనియర్. 9,000 మీటర్ల నూలుపోగు తూస్తే 20 గ్రాములు తూగితే అది 20 డెనియర్. విశాఖ నుంచి భీమిలి దారిలో ఆర్కే బీచ్ దాటి 9 కిలోమీటర్లు పోగు పరిచి, మళ్ళీ ఉండ చుట్టి కాటా మీద పెడితే 20 గ్రాములు! పిల్లలకి ఇలా చెబితే కళ్ళు పెద్దవి చేస్తారు. అంత సన్నపోగుతో నేసిన గుడ్డకి సిలికాన్ పట్టించి నీళ్ళాపుతారు. నైలాన్ అయితే గట్టిది, కానీ నీళ్ళు పీల్చుకుని సాగుతుంది. సాయంత్రం తబలాలా బిగించిన టెంట్ అర్ధరాత్రి వానకి జోలెలా వేలాడుతుంది, లేచి మళ్ళీ బిగించాలి. పాలియెస్టర్ దాదాపుగా సాగదు. డైనీమా అని ఇంకొకటుంది, నీళ్ళే పీల్చదు, సాగదు, ఇంకా తేలిక. ధర వింటే మాత్రం నా జీతానికి గుండె జారింది. వర్షంలో ఒంటరిగా లేచి తాళ్ళు బిగించే అవసరం తగ్గాలంటే నాకు పాలియెస్టర్ సరిపోతుందని తేల్చుకున్నాను.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు కుదిరింది డాన్ డర్స్టన్ అనే కెనడా ఆయన గీసిన ఎక్స్‌-మిడ్ 1. పై గుడ్డ అడుగు దీర్ఘచతురస్రం, నాలుగు మూలలకి నాలుగు మేకులు కొడితే లెక్క సరిగ్గా వచ్చేస్తుంది. దాని కింద మనం పడుకునే వల గది కాస్త ఏటవాలుగా ఉంటుంది. దానివల్ల కర్రలు పడుకునే చోటికి అడ్డం రావు, రెండు వైపులా రెండు తలుపులు, రెండు చిన్న వసారాలు మిగులుతాయి. ఒక వసారాలో బూట్లు, బ్యాగు. ఇంకో వసారా నాకు. అన్నిటికంటే ముఖ్యం, పై గుడ్డా లోపలి వలా కలిసే లేస్తాయి. వానలో ముందు లోపలి గది నిలబెట్టి, అది తడిసిపోతుండగా పైన కప్పు వెయ్యడమన్న తిప్పలు లేవు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు 240 డాలర్లకి కొని సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చాడు. మన డబ్బుల్లో ఇంచుమించు 20 వేలు. మా కాటా మీద సంచీ, 8 మేకులూ, నేను అదనంగా కట్టుకున్న తాళ్ళూ కలిపి 930 గ్రాములు.

కింద పరుచుకోవడానికి వేరే పట్టా అమ్ముతారు, కొనలేదు. మా విజయనగరం వైపు కూరగాయల మడుల్లో కలుపు రాకుండా పరిచే మల్చింగ్ షీటు ఉంటుంది కదా, 30 మైక్రాన్లది, ఒక రైతు దగ్గర మిగిలిన ముక్క అడిగి తెచ్చుకున్నాను. పొడవు 2 మీటర్ల 20, వెడల్పు 80 సెంటీమీటర్లు కత్తిరిస్తే 50 గ్రాములు. రెండేళ్ళుగా అదే ముక్క. ముళ్ళున్న చోట రెండు చిల్లులు పడ్డాయి, టేపు అంటించాను. తడి నేల మీద పరిచేటప్పుడు దీని అంచు పై గుడ్డ బయటికి రాకూడదు. వస్తే కప్పు మీంచి జారిన వాన నీళ్ళని పట్టి సరిగ్గా మీ వీపు కిందకి తెస్తుంది.

మేడ మీద మొదటిసారి వేసిన రోజు మా నాన్న వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయనకి 78. రిటైరయ్యేదాకా వ్యవసాయమే. మేడ మీద మేకులు దిగవు కాబట్టి నీళ్ళు నింపిన పెయింటు డబ్బాలకి తాళ్ళు కట్టాను. నేను కట్టిన ముడులు చూసి, "అది ముడి కాదమ్మా, చిక్కు" అన్నారు. లేచి వచ్చి తాడు చేతిలోకి తీసుకున్నారు. గడ్డిబండి ఎత్తాక మోకు బిగించేటప్పుడు వేసే ముడి ఒకటుంది. తాడు మధ్యలో చిన్న ఉచ్చు తిప్పి, కొసని కింద కొక్కేనికి వేసి, పైకి తెచ్చి ఆ ఉచ్చులోంచి దూర్చి కిందకి లాగుతారు. రాపిడి లేకపోతే మనిషి బలం మూడింతలుగా పడుతుంది, ఎందుకంటే ఆ ఉచ్చు కప్పీలా పనిచేస్తుంది. నేను పాతికేళ్ళుగా బోర్డు మీద కప్పీలు గీస్తున్నాను, మా నాన్న చేతిలో అది ఉందని ఆ రోజుదాకా చూడలేదు. చివర్న జారుముడి వేశారు, ఒక్క గుంజుతో విడిపోయేలా. "చలిలో వేళ్ళు వంగవు. విప్పడం తేలికవ్వాలి" అన్నారు. ఆయన మంచులో ఎప్పుడూ పడుకోలేదు, కానీ పుష్యమాసం తెల్లవారుజామున ఎడ్లని విప్పినవారు.

తర్వాత వారం రోజులు సాయంత్రం కాలేజీ నుంచి రాగానే మేడెక్కి వేసి, విప్పి, మళ్ళీ వేశాను. మొదటి రోజు 25 నిమిషాలు, వారం తిరిగేసరికి 6. తర్వాత కరెంటు దీపం ఆపేసి చీకట్లో వేశాను. ఒక రాత్రి అక్కడే పడుకున్నాను. తలదీపం వెలిగించుకుని లోపల బట్టలు మార్చుకుంటుంటే, పై గుడ్డ మీద నా నీడ తోలుబొమ్మలా కనిపిస్తోందని మా అమ్మ మెట్ల దగ్గరనుంచి కేకేసింది. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళందరికీ ఇది చెబుతాను: లోపలికి వెళ్ళాక దీపం ఆర్పి బట్టలు మార్చుకోండి. ఇంత సన్నగుడ్డ చూపుని ఆపుతుంది, వెలుతురుంటే నీడని ఆపదు.

అసలు పాఠం మాత్రం ఏజెన్సీలో దొరికింది.

డిసెంబరులో పాడేరు అవతల ఒక పల్లెకి వెళ్ళాను. పేరు రాయను. వంజంగి కొండ మీద మేఘాలు చూడ్డానికి ఎంతమంది ఎగబడుతున్నారో చూశాక ఇంకో ఊరి పేరు బయటపెట్టాలనిపించడం లేదు. ఊళ్ళో పెద్దాయన్ని అడిగి, బడి పక్కన వేసుకోమంటే సరేనని, ఆ తర్వాత నా కళ్ళు గెడ్డ ఒడ్డు మీద పడ్డాయి. మెత్తటి పచ్చిక, చదును, నీళ్ళ చప్పుడు. అక్కడే వేస్తానన్నాను. ఆయన ఒకటే మాట అన్నారు. "అక్కడొద్దమ్మా. మంచంతా కిందకే దిగుతాది. పైకి రా, ఆ పనసచెట్టు కిందకి." నేను వినలేదు. నీటికి మరీ దగ్గరగా వెయ్యకూడదు, అడవి జంతువులు దిగే దారి అది, అన్న నియమం తెలిసి కూడా వినలేదు.

రాత్రి 2 గంటలకి ముఖం మీద చుక్క పడి మెలకువ వచ్చింది. వాన కాదు, ఆకాశం నిండా చుక్కలు. లోపలినుంచి పై గుడ్డంతా చెమట పట్టి, నేను కదిలినప్పుడల్లా జల్లుతోంది. చన్నీళ్ళ చెంబు మీద పట్టే తడే ఇది. మబ్బులేని రాత్రి టెంట్ గుడ్డ తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడిపోతుంది. దాని కింద నేను రాత్రంతా ఊపిరిలోనూ ఒంటిమీంచీ ఓ గ్లాసుడు నీళ్ళయినా వదులుతాను. పక్కన గెడ్డ, కింద తడి పచ్చిక. పైగా చల్లగాలి బరువైనది కాబట్టి కొండవాలు మీంచి నీళ్ళలా జారి పల్లంలో నిలవ ఉంటుంది. ఇవన్నీ నేను పాఠాలుగా చెప్పినవే. ఆ పెద్దాయన వాటిని ఒక్క వాక్యంలో చెప్పారు. తెల్లారేసరికి నా థర్మామీటరు 6 డిగ్రీలు చూపించింది, స్లీపింగ్ బ్యాగు కాళ్ళవైపు తడిసి ముద్దయింది.

రెండో రాత్రి పనసచెట్టు కింద వేశాను. పల్లానికీ చెట్టుకీ ఎత్తు తేడా రెండు తాటిచెట్లంత ఉంటుందేమో. పొద్దున్నే గుడ్డ తడిమితే పొడిగా ఉంది. చెట్టు కొమ్మలు టెంట్‌కీ ఆకాశానికీ మధ్య దుప్పటిలా అడ్డం నిలిచాయి. పైనుంచి చూస్తే కింద గెడ్డ మీద పాలమీగడలా పొగమంచు. నేను ముందు రాత్రి పడుకున్న చోటు అందులో మునిగి ఉంది. చెట్టు కింద వేసేటప్పుడు ఎండుకొమ్మలు, కాయలు చూసుకోవాలి, ఉరుములుంటే అసలు వెయ్యకూడదు. డిసెంబరులో పనసకాయల భయం లేదు.

ఆ ఊరి ఆడవాళ్ళు ముగ్గురు టెంట్ చూడ్డానికి వచ్చారు. ఒకావిడ లోపల పడుకుని చూసి, "బాగుందక్కా, దోమ రాదు" అంది. తర్వాత లేచి కూర్చుని, "ఎలుగొస్తే?" అని అడిగింది. తిండి లోపల పెట్టుకోనని చెప్పాను. అప్పుడు తనే నా బియ్యప్పిండీ బెల్లం సంచీ తీసుకెళ్ళి వాళ్ళ ఇంట్లో దూలానికి వేలాడదీసింది. ఒంటరి టెంట్ అంటే ఒంటరిగా ఉండడమని చాలామంది అనుకుంటారు. మన కొండల్లో ఊరికి చెప్పకుండా, ఊరి చూపుకి అందకుండా పడుకోవడం నాకు ధైర్యమనిపించదు. అడిగి వేసుకున్న చోట నిద్ర బాగా పడుతుంది.

మొన్న దసరా సెలవుల్లో హిమాచల్ వెళ్ళాను, హంప్టా పాస్ అనే కొండ కనుమకి. ఉత్తరాఖండ్ బుగ్యాల్ పచ్చికల మీద పడుకోవాలని చాలా ఏళ్ళు కలగన్నాను. కానీ 2018లో అక్కడి హైకోర్టు ఆ పచ్చికల మీద రాత్రి మకాములు ఆపేసింది, ఆ పచ్చికలు పడిన పాట్లు ఫోటోల్లో చూసినవాళ్ళెవరూ ఆ తీర్పుని తప్పు పట్టలేరు. ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కణ్ణుంచి రాత్రి బస్సులో మనాలి. రైలు వల్ల ఒక మేలు, కర్రలూ మేకులూ విమానం కేబిన్‌లోకి రానివ్వరు కాబట్టి ఆ తగువు లేదు. మనాలి దగ్గర ఊరి అబ్బాయిని దారి చూపడానికి మాట్లాడుకున్నాను. స్టవ్వు, గిన్నెలు అతనివి, అతని టెంట్ అతనిది, నా టెంట్ నాది. తిండీ లీటరు నీళ్ళూ కలిపి నా బ్యాగు 9 కిలోల 200.

హంప్టా దారికి ఒక విశేషం ఉంది, టెంట్ మీద శ్రద్ధ ఉన్నవాళ్ళకి అంతకంటే మంచి పాఠశాల లేదు. పాస్‌కి ఇవతల కులూ వైపు వానలు పట్టే పచ్చటి లోయ, దేవదారులు, పూలు. అవతల లాహౌల్, వాన మబ్బులు కొండ దాటలేక ఎండిపోయిన నేల. ఒకే నడకలో, ఒకే టెంట్‌తో, తడి రాత్రి ఒకటి, పొడి రాత్రి ఒకటి.

తడి రాత్రి బాలూ కా ఘేరాలో. దాదాపు 3,600 మీటర్ల ఎత్తు, ఏటి పక్క విశాలమైన మైదానం. అందరూ ఏటి దగ్గర వేస్తుంటే నేను దారి చూపే మా అబ్బాయిని బతిమాలి వాలు మీద కాస్త ఎత్తుగా ఉన్న గట్టినేల వెతికాను. అయినా అక్కడ చెట్టు లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది. రెండు తలుపుల పైన గాలి కిటికీలు తెరిచి, ఒక వసారా తలుపు సగం చుట్టి కట్టాను. చలికి భయపడి అన్నీ మూసుకోవడమే అందరూ చేసే పొరపాటు. గాలి ఆడకపోతే వెచ్చగా ఉండరు, తడిగా ఉంటారు, తడి చలి కంటే పాపిష్టిది. పొద్దున లేచేసరికి పై గుడ్డ లోపల సన్నటి మంచు పొర, ఉప్పు చల్లినట్టు. అప్పుడు చెయ్యాల్సింది ఒకటే, ఎండ తగలకముందే లేవడం. ఎండ తగిలితే ఆ ఉప్పు నీళ్ళవుతుంది. ముందే లేచి, లోపలి గది కొక్కేలు విప్పి, పొడిగా ఉన్నదాన్ని పొడిగా మడిచి బ్యాగులో పెట్టాను. ఆ తర్వాత పై గుడ్డని మేకులకి ఉండగానే వేళ్ళతో టపటపా కొడితే మంచు పొడిగా రాలిపోయింది. మిగిలిన తడిని నాన్న పాత తువ్వాలు ముక్కతో తుడిచాను. పై గుడ్డని వేరే కవరులో పెట్టి బ్యాగు బయట కట్టుకున్నాను. తడిదీ పొడిదీ కలిపి ఒకే సంచిలో కుక్కితే రాత్రికి రెండూ తడివే.

పాస్ దాదాపు 4,270 మీటర్లు. మెల్లగా ఎక్కాను, ఎక్కడం గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, ఊపిరి లెక్కపెట్టుకుంటూ అడుగులెయ్యడమే. అవతలికి దిగుతుంటే రంగు మారిపోయింది. పచ్చదనం అంతా వెనక ఉండిపోయి, ముందు గోధుమరంగు, ఊదారంగు రాళ్ళు. మధ్యాహ్నం రొట్టె తినడానికి ఆగినప్పుడు తడి గుడ్డని ఒక బండ మీద పరిచి నాలుగు రాళ్ళు పెట్టాను. ఆ గాలికి పది నిమిషాల్లో కరకరలాడింది.

పాస్ అవతలి మకాం షియాగోరులో గాలి వేరే రకం. సాయంత్రానికి లోయ పైకి విసిరికొట్టడం మొదలెట్టింది. నేలంతా రాళ్ళ కుప్ప, మేకు రెండంగుళాలు దిగేసరికి రాయి తగిలి వంగిపోతోంది. "దీదీ, మా టెంట్‌లోకి వచ్చెయ్యండి, నేను వంట గుడారంలో పడుకుంటాను" అన్నాడు మా అబ్బాయి, పక్కన మకాం వేసినవాళ్ళ గుడారం చూపించి. కాస్త ఆగమన్నాను. మేకుని నేలలోకి కొట్టే ప్రయత్నం మానేశాను. తాడు చివర ఉచ్చులో మేకుని అడ్డంగా దూర్చి నేల మీద పడుకోబెట్టి, దాని ముందు, అంటే టెంట్ వైపు, నేను రెండు చేతులా ఎత్తగలిగినంత పెద్ద రాయి పెట్టాను. ఆ రాయి వెనక మేకు మీద ఇంకో రాయి. తాడు లాగితే మేకు వెళ్ళి పెద్దరాయికి తన్నుకుని ఆగిపోతుంది. తాడుని నేరుగా పదును రాయికి చుడితే రాత్రంతా రాపిడికి తెగుతుంది, అందుకే ఈ పద్ధతి. పొట్టివైపు గాలికి ఎదురుగా తిప్పాను, తలుపులు పక్కలకి పోయాయి. కర్రలు ఎప్పుడూ పెట్టే 115 సెంటీమీటర్ల కంటే కాస్త తగ్గించి, పై గుడ్డ అంచు నేలకి దగ్గరగా దించాను. ఆఖరున తాళ్ళన్నిటికీ గడ్డిబండి ముడి. లాగి విడిచి, వేలితో మీటితే తాడు మోగింది.

రాత్రి నిద్ర సరిగా పట్టలేదు, అబద్ధమెందుకు. గాలి వచ్చే ముందు లోయ కింద ఎక్కడో మొదలై, రాళ్ళ మీదుగా ఎక్కి రావడం వినిపిస్తుంది. ఇప్పుడొస్తుంది అనుకునేసరికి గుడ్డ ఫటఫటా కొట్టుకుంటుంది. మొదటి గంట ప్రతి విసురుకీ చెయ్యి చాచి కర్రని పట్టుకున్నాను. తర్వాత పట్టుకోవడం మానేసి విన్నాను. నాలుగు మూలల్లో ఏ మూల వదులైనా చప్పుడు మారుతుంది. మారలేదు. ఒంటిగంటకో రెండింటికో నిద్రపోయాను. పొద్దున్నే బాటిల్‌లో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి, గుడ్డ మాత్రం లోపలా బయటా పొడి. మా అబ్బాయి చాయ్ గ్లాసు పట్టుకొచ్చి ముందు నన్ను కాదు, ముడుల్ని చూశాడు. విప్పడానికి ఒక్క గుంజు గుంజితే విడిపోయేసరికి, మళ్ళీ వెయ్యమన్నాడు. మూడుసార్లు వేసి చూపించాను, నాలుగోసారి అతనే వేశాడు. "ఎక్కడ నేర్చుకున్నారు?" అంటే, "మా నాన్న, గడ్డిబండి మీద" అన్నాను. వాళ్ళ ఊళ్ళోనూ గడ్డి మోపులు కడతారట, కానీ ఈ ముడి వేరట.

నడక చివర చత్రూ చేరి, జీపులో అటల్ టన్నెల్ మీదుగా 9 కిలోమీటర్ల చీకటి దాటి మళ్ళీ పచ్చటి మనాలిలోకి వచ్చాం.

ఇంటికి రాగానే చేసిన మొదటి పని టెంట్‌ని మేడ మీద నీడలో ఆరేయడం. ఎండలో కాదు, ఎండ ఈ గుడ్డకి శత్రువు. దండెం మీద రెండు రోజులు ఉంచాను, ఉక్కపోత తగ్గిన మధ్యాహ్నాలు చూసి తిరగేశాను. ఇప్పుడు దాని బిగుతు సంచిలో కుక్కడం లేదు, పాత దిండు గలీబులో వదులుగా పెట్టి, అటక మీద కాకుండా గాలి తగిలే బీరువా పై అరలో ఉంచుతున్నాను. నెలకోసారి తీసి వాసన చూస్తాను. వాన తడి వాసన, మట్టి వాసన ఉంటే పర్వాలేదు. ఆ పుల్లని వాసన రాకూడదు.

వంగిన మేకుల్ని నాన్న సుత్తితో చదును చేసి ఇచ్చారు. అన్నీ గలీబులో వేసేముందు అలవాటు కొద్దీ కిరాణా కొట్టుకి పట్టుకెళ్ళి కాటా మీద పెట్టాను. 918 చూపించింది. రెండోసారి పెట్టాను, అంతే. మేకులు లెక్కపెడితే ఏడే ఉన్నాయి. షియాగోరులో ఉత్తరం వైపు మూల, పెద్దరాయి కింద అడ్డంగా పడుకోబెట్టినది తీయడం మరిచిపోయాను. దారి చూపిన అబ్బాయికి ఫోన్ చేసి, జూన్‌లో దారి తెరిచాక అటు వెళ్ళినప్పుడు ఎర్రగీత ఉన్న ఆ పెద్దరాయి పక్కన చూసి తీసెయ్యమని చెప్పాను.